మొదటి గరిటె

ఆ మూడంతస్తుల ఇంటి గేటు మీద వృద్ధాశ్రమం అని రాసి ఉన్నా, లోపల ఉండే పన్నెండుమందీ దాన్ని హాస్టల్ అనే అంటారు. "ఆశ్రమం అనడానికి మేమేమన్నా మునులమా? గడ్డాలు రోజూ గీసుకుంటున్నాం కదా!" అని జడ్జిగారు ఒకసారి మేనేజరు మీద కస్సుమన్నారు. జడ్జిగారంటే నిజంగా జడ్జి కాదు. ముప్పయ్యారేళ్లు కోర్టు గుమ్మంలో నిలబడి వాదిప్రతివాదుల పేర్లు కేకేసిన బంట్రోతు. అన్నేళ్లు తీర్పులు విని విని, ఇక ఇచ్చే వంతు తనదని రిటైరైన రోజే తేల్చుకున్నారు.

ఈ హాస్టల్లో వంట చేసే ఆవిడకి యాభై ఏడేళ్లు. అయినా అందరికీ ఆవిడ "అమ్మాయే". ఎనభై దాటినవాళ్ల లెక్కలో యాభై ఏడంటే ఇంకా పాలబుగ్గల వయసే. మొదట్లో ఆవిడకి ఆ పిలుపు ఎబ్బెట్టుగా ఉండేది. తర్వాత అలవాటైపోయింది. ఈ మధ్య ఎవరైనా బయటివాళ్లు "పెద్దమ్మా" అని పిలిస్తే చురచురా చూస్తోంది.

తొమ్మిదేళ్ల కిందట ఆవిడ పనిలో చేరిన రోజే పెద్ద పొరపాటు చేసింది. కొత్త వంటగది, అలమరలో పక్కపక్కనే ఒకేలాంటి రెండు డబ్బాలు, పైగా చేతిలో కంగారు. సూపులో ఉప్పుకి బదులు చక్కెర గుప్పెళ్లతో పోసింది. పన్నెండుమందీ ఒక్కో చెంచా నోట్లో పెట్టుకుని, కొత్త మనిషి కదా అని మర్యాదకి మింగాలో, ప్రాణానికి ఉమ్మాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు జడ్జిగారు లేచి తీర్పు చెప్పారు.

"ఇవాళ్టి నుంచి వండినావిడే మొదటి గరిటె రుచి చూడాలి. మా కళ్ల ముందు చూడాలి. తలుపు వెనక చూసింది లెక్కలోకి రాదు."

అప్పటి నుంచి అదే పద్ధతి. గంట మోగగానే ఆవిడ పొడవాటి బల్లకి తలవైపున నిలబడుతుంది. తన చిన్న స్టీలు గిన్నెలో గరిటెడు పోసుకుంటుంది. కళ్లు మూసుకుని మింగుతుంది. కళ్లు తెరిచి "సరిపోయింది" అంటుంది. అప్పుడు పన్నెండు చెంచాలు ఒక్కసారి లేస్తాయి. ఒకసారి గొంతు బొంగురుపోయి, మాట పెగలక తల మాత్రం ఊపింది. ఒక్క చెంచా కదల్లేదు. మేనేజరొచ్చి బతిమాలినా కదల్లేదు. చివరికి ఆవిడ పలక మీద సుద్దముక్కతో రాసి చూపిస్తే తప్ప ఆ పూట ఎవరూ ముద్ద ముట్టలేదు. అలాంటి మొండిఘటాలు.

ఇక ఆవిడ విషయం. కత్తికి భయపడదు, నిప్పుకి భయపడదు, మరిగే నూనెకి భయపడదు, ఆఖరికి జడ్జిగారికి కూడా భయపడదు. కానీ సూది మాటెత్తితే మాత్రం కాళ్లూ చేతులూ ఆడవు. ఏడేళ్ల వయసులో కాలికి సెగగడ్డ వేస్తే నలుగురు మనుషులు తలోవైపు పట్టుకుని ఇంజెక్షన్ పొడిపించారు. కాంపౌండరు "చీమ కుట్టినట్టు ఉంటుందమ్మా, అంతే" అన్నాడు. అప్పటి నుంచి ఆవిడకి సూది మీదే కాదు, చీమల మీద కూడా నమ్మకం పోయింది.

పొయ్యిల దగ్గర ముప్పయ్యేళ్లు పొగ మింగిన ఊపిరితిత్తులు ఆవిడవి. మెట్లెక్కితే ఛాతీలో పిల్లి కూతలు మొదలవుతాయి. ఇన్‌హేలరొకటి ఉంది. దాన్ని ఎవరికీ కనబడకుండా ఖాళీ టీ డబ్బాలో దాచి, అలమరలో ఉప్పు డబ్బా పక్కన పెట్టుకుంటుంది. రెండు నెలల కిందట డాక్టరు ఆవిడ ఛాతీ విని, "చలి ముదరకముందే ఫ్లూ టీకా వేయించుకోవాలి, మీకు ఇది తప్పనిసరి" అని చీటీ రాసిచ్చాడు. వంటగదిలో కూరలు తరిగే బల్లకి ఒక కాలు పొట్టి. ఆవిడ ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి ఆ కాలి కింద దూర్చింది. బల్ల కదలడం మానేసింది. చీటీకి అంతకంటే మంచి ఉపయోగం ఆవిడకి తట్టలేదు.

ఆ బల్ల దగ్గరే రోజూ పొద్దున ఆరున్నరకి జాగ్రఫీ మాస్టారు వచ్చి కూర్చుంటారు. పొయ్యి వెచ్చదనానికని వస్తారు, ఊరికే కూర్చోలేక బఠాణీలు వలుస్తారు. వలుస్తూ ఆవిడకి ప్రపంచం చెబుతారు. నిరుడు సముద్రాలయ్యాయి, ఈ ఏడాది ఎడారులు మొదలుపెట్టారు. ఒక మాట చెప్పి ఆగుతారు, ఊపిరి తీసుకుంటారు, ఇంకో మాట చెబుతారు. ఎనభయ్యొకటేళ్ల మనిషి. కిందటి చలికాలం దాకా ఆయన అలా ఆగేవారు కాదు.

కిందటి చలికాలం ఏమైందో ఆవిడ ఎవరితోనూ అనలేదు. ఆ వారం ఆవిడకే ముందు జ్వరం తగిలింది. దగ్గుతూనే పనికి వచ్చింది. తను రాకపోతే పన్నెండుమందికి పొద్దున జావ కాచేదెవరు? మూతికి గుడ్డ కట్టుకుని మూడు రోజులు వండింది, వడ్డించింది, మాస్టారి గదికి పాలు కూడా పట్టుకెళ్లింది. నాలుగో రోజు మాస్టారు పడిపోయారు. మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి, సగం ఊపిరితో తిరిగొచ్చారు. "గాలి మారితే వస్తుందిలే" అని అందరూ అన్నారు. ఆవిడ మాత్రం వంటగది తలుపేసుకుని ఏడ్చింది. తానే తెచ్చి తానే అంటించానని ఆవిడకి గట్టి నమ్మకం. మళ్లీ చలి మొదలైన దగ్గర్నుంచీ మాస్టారు ఒక్క తుమ్ము తుమ్మితే ఆవిడ చేతిలో గరిటె జారిపోతోంది.

సోమవారం ఆవిడకి సెలవు. మంగళవారం పొద్దున వచ్చేసరికి హాస్టలంతా ఏదో నలతగా ఉంది. జడ్జిగారు "సైలెన్స్!" అని ఎడమ చెయ్యి ఎత్తబోయి, "అబ్బా" అని సగంలోనే దించేశారు. నలభై ఏళ్లు కుట్టుమిషను తొక్కి ఊరందరికీ జాకెట్లు కుట్టిన బామ్మ ఒకావిడ ఉంది, ఆవిడని మిషన్ బామ్మ అంటారు. ఆవిడ జడ వేసుకోలేక దువ్వెన పట్టుకుని తిన్నగా వంటగదిలోకే వచ్చేసింది.

"ఏమైంది బామ్మగారూ చేతికి?"

"చలికి పట్టేసిందే అమ్మాయ్."

"జడ్జిగారికీ ఎడమ చెయ్యేనంట?"

"మరి కిటికీలన్నీ ఎడమవైపే ఉన్నాయి కదే. చలి అటు నుంచే వస్తుంది."

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికి ఒకడు. ఇంకెవరైనా అయితే ఆ గడ్డి కథ అక్కడే పట్టేసేవారు. ఈవిడకి మాత్రం ముసలివాళ్ల నొప్పుల మాట వింటే మిగతా తెలివంతా పక్కకి పోతుంది. బామ్మకి జడ వేసింది, వేణ్ణీళ్ల సంచులు పంచింది, కిటికీలు తెరిచిపెట్టినందుకు మేనేజరుని పట్టుకుని చెడామడా తిట్టింది. పాపం మేనేజరు మాట్లాడకుండా తిట్లన్నీ తిన్నాడు.

బుధవారం మధ్యాహ్నం మేనేజరు తల గోక్కుంటూ వంటగదికి వచ్చాడు.

"అక్కా, రేపు నర్సమ్మ వస్తోంది. ఫ్లూ టీకా వేయడానికి."

"మంచిదే కదా నాయనా. ముందు మాస్టారికి వేయించు."

"అదేనక్కా చిక్కు. భోజనాల దగ్గర చెప్పి చూశాను. అందరూ అడ్డం తిరిగారు. అమ్మాయి ముందు రుచి చూడందే మాలోకి ఏదీ పోనివ్వం అంటున్నారు."

ఆవిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. నవ్వయ్యాక సూది గుర్తొచ్చింది. బల్ల పట్టుకుని నిలబడింది. ఆ బల్ల కూడా వారం రోజులుగా మళ్లీ ఊగుతోంది, దానికేం వచ్చిందో.

"ఇంజెక్షనేమన్నా సూపా, నేను రుచి చూడటానికి!"

"నేనూ అదే అన్నానక్కా. జడ్జిగారు తీర్పిచ్చేశారు. నోట్లోకి పోయేదానికే అంత రూలుంటే ఒంట్లోకి పోయేదానికి ఎంతుండాలి అన్నారు."

ఆ సాయంత్రం ఆవిడ గది గదికీ తిరిగింది. జడ్జిగారి దగ్గరకి వెళ్తే "కేసు కొట్టేశాం, పో" అన్నారు. మిషన్ బామ్మ అయితే తన చెయ్యి చూపించి, "అసలే చలికి పట్టేసిన చెయ్యి, దీనికి మళ్లీ సూదా? నువ్వు వేయించుకుంటే అప్పుడు చూద్దాం" అంది. ఆఖరికి మాస్టారి గదికి చేరింది. ఆయన మంచం మీద కూర్చుని పటం చూసుకుంటున్నారు.

"మాస్టారూ, వాళ్లంటే ఆడుకుంటున్నారు. మీకేమైంది? చదువుకున్నవారు మీరు కూడానా?"

"చదువు వేరు, పద్ధతి వేరు అమ్మాయ్." ఆగారు. ఊపిరి తీసుకున్నారు. "తొమ్మిదేళ్లుగా నువ్వు రుచి చూడనిది నేను తినలేదు."

"అది కాదు మాస్టారూ. కిందటేడు..." కిందటేడు నా దగ్గే మిమ్మల్ని పడేసింది అని చెప్పడానికి నోరు తెరిచి, చెప్పలేక నీళ్లు నమిలింది. "కిందటేడు ఎంత కష్టపడ్డారో మర్చిపోయారా? మళ్లీ అలా అయితే ఈసారి తట్టుకుంటారా?"

"తట్టుకోలేను," అన్నారాయన తేలిగ్గా, పటం మీద నుంచి తలెత్తకుండా. "అందుకే రేపు తొందరగా రుచి చూసెయ్."

ఇంటికి వెళ్లే దారంతా ఆవిడ తనతో తాను పోట్లాడుకుంది. వేయించుకోకపోతే పన్నెండుమంది వేయించుకోరు. వాళ్లు వేయించుకోకపోతే ఈ చలికాలం మాస్టారు దాటరు. అప్పుడు రెండుసార్లూ తప్పు తనదే. ఇంత తేటతెల్లంగా తెలిసినా మోకాళ్లు మాత్రం ఒప్పుకోవడం లేదు. మనసు "సరే" అంటే మోకాళ్లు "మేం రాం" అంటున్నాయి. మోకాళ్లు లేకుండా మనిషి ఎక్కడికి పోగలదు?

గురువారం పదకొండు గంటలకి నర్సమ్మ వచ్చింది. ముప్పయ్యేళ్ల పిల్ల, చలాకీగా ఉంది. భుజానికి టిఫిను డబ్బా అంత చలిపెట్టె తగిలించుకుని వచ్చింది. వంటావిడ ఆ పెట్టె వంక అనుమానంగా చూసింది.

"ఇంత చిన్నదాంట్లో అందరికీ సరిపోతాయా అమ్మా?"

"సరిపడా తెచ్చానక్కా," అంది నర్సు, ఎక్కడా తడబడకుండా.

వంటావిడ ఆమె చెయ్యి పట్టుకుని సామాన్ల గదిలోకి లాక్కెళ్లింది. బంగాళాదుంపల బస్తాల మధ్య నిలబెట్టి, గొంతు తగ్గించి, "చూడమ్మా, నాకు సూదంటే చిన్నప్పటి నుంచీ పడదు. ఉత్తి ప్లాస్టర్ ఒకటి అంటించెయ్. వాళ్లు చూసి వేయించుకుంటారు. ఒక్క అబద్ధం ఆడితే పన్నెండు ప్రాణాలు నిలుస్తాయి. పుణ్యం కూడా" అంది.

"నేను సూది వేసిన చోటే ప్లాస్టర్ వేస్తానక్కా. ఉత్తుత్తి ప్లాస్టర్లు నా దగ్గర ఉండవు."

"పోనీ, ఇంతకీ అది వేసుకుంటే జ్వరం రాదా?"

"రానే రాదని చెప్పను. వచ్చినా ఆసుపత్రి దాకా లాక్కెళ్లకుండా చాలావరకు కాపాడుతుంది. ఇంకో మాటక్కా. వీళ్లకి టీకా వేసినా, ఒంట్లో వయసైపోయింది కాబట్టి కుర్రాళ్లలో పనిచేసినంత పనిచేయదు. అందుకని చుట్టూ తిరిగేవాళ్లు కూడా వేయించుకోవాలి. వండేవాళ్లు, వడ్డించేవాళ్లు, పాలు పట్టుకెళ్లేవాళ్లు."

పాలు పట్టుకెళ్లేవాళ్లు అన్న మాట ఆవిడకి ఛాతీలో గుచ్చుకుంది. నర్సు మామూలుగానే అంది, కావాలని అన్నది కాదు. "నేను భోజనాల హాల్లో ఉంటానక్కా" అని వెళ్లిపోయింది.

ఆవిడ వంటగదిలోకి వచ్చి ఇన్‌హేలరు తీసి రెండుసార్లు పీల్చింది. పొయ్యి మీద సూపు కుతకుతా ఉడుకుతోంది. దాన్ని కలుపుతూ ఆలోచించింది. ఆలోచన కంటే భయం ముందు పరిగెత్తింది. సొరుగు లాగి, చెయ్యి తెగితే వేసుకునే ప్లాస్టర్ ఒకటి తీసి, చింపి, ఎడమ భుజానికి అంటించుకుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడలేదనుకుంటుందట. ఈవిడ సూపు దించి, గిన్నెతో సహా హాల్లోకి తెచ్చి బల్ల మీద పెట్టి, మిషన్ బామ్మ మంగళవారం పట్టుకున్నట్టే భుజం పట్టుకుని నిలబడింది.

"అయిపోయింది. వెనక గదిలో వేయించేసుకున్నా. చీమ కుట్టినట్టు కూడా లేదు. ఇక మీ వంతు, కానివ్వండి."

పన్నెండు జతల కళ్లు ఆవిడ భుజం మీద పడ్డాయి. మిషన్ బామ్మ కళ్లజోడు సవరించుకుని ముందుకు వంగింది. రంగు దారాలు చూసి చూసి పండిన కళ్లవి.

"అమ్మాయ్, అది నీలం."

ఆవిడ భుజం వైపు చూసుకుంది. నీలమే. వంటగదుల్లో వాడే ప్లాస్టర్ నీలంగా ఉంటుంది, ఊడి వంటలో పడితే కంటికి కనబడాలని. నీలం రంగు కూర ఏదీ లేదు కదా. ఈ సంగతి ఆ బల్ల దగ్గర అందరికంటే బాగా తెలిసింది జడ్జిగారికి. మూడేళ్ల కిందట అలాంటిదొకటి ఆయన సూపులోనే తేలింది.

"దొంగసాక్ష్యం!" అన్నారు జడ్జిగారు, ముప్పయ్యారేళ్ల గొంతు మొత్తం వాడి. "నర్సమ్మ ప్లాస్టరు ఒంటి రంగులో ఉంటుంది. ఇది వంటగది సరుకు. పైగా తలుపు వెనక జరిగింది. తలుపు వెనక జరిగింది..."

"లెక్కలోకి రాదు," అన్నారు మిగతావాళ్లంతా ఒక్క గొంతుతో.

ఆవిడకి ఒళ్లు మండింది. "అవును, అబద్ధమాడాను! భయం! నాకు భయం! మీకు నచ్చజెప్పలేక, సూదికి ఓర్చలేక చచ్చిపోతున్నాను. మీకు రూలు ముఖ్యం, నా భయం మీకు వినోదం. ఎనభై ఏళ్లొచ్చాయి, సిగ్గు లేదు ఒక్కరికీ!" అంది. మాటలన్నీ అయ్యాక ఊపిరందక ఛాతీలో పిల్లి కూసింది. హాలంతా వినిపించింది. ఎవరూ నవ్వలేదు.

అంతలో మాస్టారు దగ్గారు. చిన్న దగ్గే. కానీ ఆ దగ్గు వింటే ఆవిడకి కిందటేడు స్ట్రెచరు మెట్లు దిగిన చప్పుడు వినిపిస్తుంది. ఆవిడ కుర్చీ ఈడ్చి, బల్లకి తలవైపున, రోజూ తను నిలబడే చోటే వేసుకుని కూర్చుంది. నీలం ప్లాస్టరు పీకి పారేసింది.

"రామ్మా. మళ్లీ మనసు మారకముందే వేసెయ్."

నర్సు పెట్టె తెరిచింది. ఆవిడ అటు చూడలేదు. ఏడేళ్ల పిల్ల లోపలి నుంచి పరిగెత్తి పారిపొమ్మంటోంది. అప్పుడు మాస్టారు తన కుర్చీ ఆవిడ పక్కకి జరుపుకుని, కుడిచెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నారు.

"ఎడారులు చెప్పు అమ్మాయ్. నిన్న ఎక్కడ దాకా వచ్చాం?"

"ఇప్పుడా మాస్టారూ!"

"ఇప్పుడే. పెద్దదాంతో మొదలుపెట్టు."

"సహారా," అంది కళ్లు గట్టిగా మూసుకుని. భుజం మీద చల్లగా దూది తగిలింది. "గోబీ... కలహారి... అమ్మో!... కలహారి తర్వాత..."

"అయిపోయిందక్కా," అంది నర్సు.

"ఉండమ్మా, ఇంకా అటకామా ఉంది." కళ్లు తెరిచింది. భుజం మీద ఒంటి రంగు ప్లాస్టరు. "అయిపోయిందా? ఇంతేనా?"

"ఎలా ఉంది?" అని అడిగారు జడ్జిగారు, పద్ధతి ప్రకారం.

ఆవిడ భుజం ఒకసారి కదిపి చూసుకుంది. యాభై ఏళ్ల భయం ఇంత చిన్న పోటు కోసమా అని ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. చెమట తుడుచుకుని, "సరిపోయింది" అంది. "ఇక లేవండి. వరస కట్టండి. ముందు మాస్టారు."

ఎవరూ లేవలేదు. మాస్టారూ లేవలేదు. నర్సు చలిపెట్టె మూత పెట్టేసి, పట్టీ బిగిస్తోంది.

"అదేంటమ్మా, మూసేస్తున్నావేంటి? వీళ్లకి?"

"ఇందులో తెచ్చింది ఒక్కటేనక్కా. సరిపడా తెచ్చానన్నాను కదా."

ఆవిడ బల్ల పొడుగునా చూసింది. పన్నెండుమందీ తలలు దించుకుని ఖాళీ గిన్నెల్లోకి చూస్తున్నారు. మిషన్ బామ్మ భుజాలు నవ్వుతో కదులుతున్నాయి, చేతిలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక ఆపుకోలేక, "సోమవారమే వేసేసిందే అమ్మాయ్ మా అందరికీ. నీ సెలవు రోజు చూసి" అంది.

"సోమవారమా!" ఆవిడకి మంగళవారం ఒక్కసారిగా అర్థమైంది. "గుమ్మడికాయల దొంగలంటే భుజాలు తడుముకున్నారని వినడమే కానీ ఎప్పుడూ చూడలేదు. రోజంతా నా ముందు తడుముకుంటూ తిరిగారు! నేనేమో వేణ్ణీళ్ల సంచులు పంచాను! మేనేజరుని తిట్టాను!"

"నేనూ ఉన్నానక్కా ఇందులో," అన్నాడు మేనేజరు గుమ్మంలోంచి. "అందుకే తిట్లు తిన్నాను."

"ఎందుకీ నాటకమంతా? ఎవరి బుర్ర ఇది?"

మాస్టారు జేబులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టారు. నాలుగు మడతల చీటీ. దాని నడుమ బల్లకాలు అచ్చు గుండ్రంగా, నల్లగా పడి ఉంది.

"కిందటి వారం బఠాణీలు ఒలికాయి గుర్తుందా? ఏరుతుంటే దొరికింది." ఊపిరి తీసుకున్నారు. "రెండు నెలలు దీని మీద బంగాళాదుంపలు తరిగావు. వేయించుకోమంటే వేయించుకునే మనిషివి కాదు. నీ కోసమైతే అసలే వేయించుకోవు. మా కోసమైతే ఏదైనా చేస్తావని తెలుసు."

ఆవిడ ఆ చీటీ చేతిలోకి తీసుకుంది. తిట్టడానికి నోరు తెరిచింది. ఏడాదిగా లోపల నొక్కి పెట్టిందే బయటికి వచ్చింది.

"మాస్టారూ, కిందటేడు ఆ దగ్గు తెచ్చింది నేనే. జ్వరంతో మీ గదికి పాలు తెచ్చాను. మీ ఊపిరి సగం చేసింది నేనే. నా కోసం మీరు ఇంత..."

"కావచ్చు," అన్నారు మాస్టారు. "కాకపోవచ్చు కూడా. ఆ వారం మేనేజరూ దగ్గాడు. నన్ను చూడటానికి వచ్చిన నా చెల్లెలూ దగ్గింది. ఎవరు తెచ్చారో చెప్పడానికి నా దగ్గర పటం లేదు." ఆగారు. ఈసారి ఎక్కువసేపు ఆగారు. "ఆ రోజు నువ్వు పాల గ్లాసు పెట్టి గోడకి ఆనుకున్నావు. నీ ఛాతీ చప్పుడు విన్నాను. నా కంటే నీదే అధ్వాన్నంగా ఉంది. ఆసుపత్రిలో మూడు వారాలూ నాకు అదే భయం. నాకు వైద్యానికి ఇంతమంది ఉన్నారు, అక్కడ ఆ పిల్ల పడిపోతే ఎవరు చూస్తారని."

ఆవిడ కొంగులో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మిషన్ బామ్మ వచ్చి, తన నొప్పి చేత్తోనే, ఆవిడ తల నిమిరింది. జడ్జిగారు గోడ గడియారం వంక చాలా శ్రద్ధగా చూశారు. ఆయన కళ్లు తుడుచుకోవడం మాత్రం మేనేజరు చూశాడు.

"అక్కా, పావుగంట కదలకుండా కూర్చోవాలి," అంది నర్సు. "అందరినీ అలాగే కూర్చోబెడతాం."

"కూర్చుంటే వడ్డన ఎవరు చేస్తారు? సూపు చల్లారిపోతోంది!"

"మొదటి గరిటె మాట?" అన్నారు జడ్జిగారు, ఎంత ఏడుపులోనైనా రూలు రూలే కాబట్టి.

మాస్టారు లేచారు. బల్ల అంచు పట్టుకుని ఆవిడ వెనకగా నడిచి వచ్చి, ఆవిడ స్టీలు గిన్నె అందుకున్నారు. "ఇవాళ చూడాల్సిన రుచి ఈ అమ్మాయి చూసేసింది. ఇక నా వంతు" అని గరిటెడు సూపు పోసుకుని, అచ్చం ఆవిడలాగే కళ్లు మూసుకుని మింగారు. కళ్లు తెరవడానికి కొంచెం ఎక్కువసేపే పట్టింది. తెరిచి, ఆవిడ వంక చూడకుండా, బల్ల చుట్టూ ఉన్న పదకొండుమందినీ ఒక్కొక్కరినే నిదానంగా చూశారు.

"సరిపోయింది," అన్నారు.

మేనేజరు వడ్డించాడు. పన్నెండు చెంచాలు లేచాయి. మొదటి చెంచా దగ్గర జడ్జిగారికి ఎందుకో పొరబోయింది, మంచినీళ్లు తాగి మళ్లీ చెంచా పట్టుకున్నారు. తర్వాత ఎవరూ ఆగలేదు. మిషన్ బామ్మ రొట్టెముక్కతో గిన్నె తుడిచి మరీ తింది. జడ్జిగారు రెండోసారి అడిగి పోయించుకున్నారు. ఆవిడ కుర్చీలో కూర్చుని, తొమ్మిదేళ్లలో మొదటిసారి, తను వండింది వాళ్లు తింటుంటే మొదటి నుంచి చివరి దాకా చూసింది.

పావుగంట అయ్యాక నర్సు సెలవు తీసుకుంది. అప్పుడు ఆవిడ లేచి, అడుగున మిగిలిన సూపు తన గిన్నెలో పోసుకుని ఒక చెంచా నోట్లో పెట్టుకుంది.

ఉప్పు లేదు. తక్కువ కాదు, అసలు ఒక్క రవ్వ లేదు. పొద్దున్నుంచీ భయంలో పక్క డబ్బా తీసి ఇన్‌హేలరు పీల్చిందే కానీ, ఉప్పు డబ్బా మూతే తియ్యలేదు. ఆవిడ తలెత్తి చూసింది. పన్నెండు గిన్నెలూ అద్దాల్లా ఖాళీగా ఉన్నాయి. పన్నెండు మొహాలూ ఏమీ తెలియనట్టు అమాయకంగా ఉన్నాయి.

"ఎలా ఉంది అమ్మాయ్?" అని అడిగారు మాస్టారు.

"మీరంతా పచ్చి అబద్ధాలకోర్లు," అని ఆవిడ గిన్నె ఎత్తి మిగిలిందంతా తాగేసింది.